తలుపు సందులోంచి వచ్చిన ఉత్తరం

వంటాయన భార్య సంచి సర్దుతోంది. రెండు చొక్కాలు, రెండు పైజామాలు, ఒక స్వెట్టర్, పళ్లపొడి డబ్బా, మోకాళ్ల నొప్పికి రాసుకునే మందు సీసా. సర్దినవి తీసి మళ్లీ సర్దుతోంది. సీసా కారుతుందేమోనని గుడ్డ చుట్టింది. ఆ గుడ్డ చాలదేమోనని ఇంకో గుడ్డ చుట్టింది.

"జైల్లో సీసాలు రానిస్తారా మేడమ్?" అంది తలెత్తకుండా.

గుమ్మంలో నిలబడ్డ మనిషికి జవాబు తెలుసు. ముప్ఫై రెండేళ్లు పోలీసు శాఖలో చేసిన మనిషికి తెలియకేం. రానివ్వరు. కాని ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"ప్లాస్టిక్ డబ్బాలో పొయ్యమ్మా," అంది.

శాఖలో ఆమెని టైమ్‌టేబుల్ మేడమ్ అనేవారు. ఎవరు ఏం చెప్పబోయినా ముందు "ఎన్ని గంటలకి?" అని అడిగేది గనక. రిటైరయ్యాక ప్రైవేటుగా కేసులు చూసుకుంటున్నా ఆ పేరు వదల్లేదు. ఈ సెలవులకి ఏ కేసూ పెట్టుకోకుండా వారం రోజులు కడుపునిండా నిద్రపోదామని ఈ ఊరొచ్చి, ఈ ఇంట్లో అయిదో గది తీసుకుంది.

ఇల్లంటే మామూలు ఇల్లు కాదు. ఒకప్పుడు పురుళ్ల ఆసుపత్రి. దాన్ని నడిపిన డాక్టరమ్మకి వయసు మీదపడ్డాక మూసేశారు. పదేళ్లు పాడుబడి ఉంటే, అక్కడే ఆయాగా చేసిన ఆయమ్మ కంకణం కట్టుకుని బాగుచేయించింది. గోడలకి సున్నం, తలుపులకి రంగు, ఆరు గదుల్లో ఆరు మంచాలు. పడకా, పొద్దుటి ఫలహారమూ ఇచ్చే బస అయింది. ఇల్లు డాక్టరమ్మది, చాకిరీ ఆయమ్మది. డాక్టరమ్మ రెండో గదిలోనే ఉంటుంది. వంటాయన, భార్య వెనకాల రెండు గదుల్లో ఉంటారు.

బుధవారం పొద్దున నాలుగో గదిలో సర్వేయర్ గారు మంచం మీదే పోయారు. డెబ్బై దాటిన మనిషి. బస తెరిచిన దగ్గర్నుంచి ఏటా ఇదే వారం, ఇదే గదిలో దిగేవారు. ఏడున్నరకి వెళ్లి చూశానని ఆయమ్మ చెప్పింది. డాక్టరమ్మ వచ్చి చెయ్యి పట్టుకు చూసి, గుండె ఆగిందంది. టైమ్‌టేబుల్ మేడమే ఊరుకోలేదు. గుండె ఆగి పోయినవాడి మొహం అంత ఎర్రగా ఉండదని పట్టుబట్టి పోస్టుమార్టం చేయించింది. గ్యాస్ హీటర్ పొగ అని తేలింది. గది వెంటిలేటర్ మూసి ఉంది. తలుపు కింద బొటనవేలంత సందుంది, ఆ సందు ఉండగా మనిషి పోడనీ, ఎవరో దానికి గుడ్డ అడ్డం పెట్టి తరవాత తీసేశారనీ హీటర్ పరీక్షించిన ఇంజనీరు రాసిచ్చాడు.

అప్పుడు మేడమ్ ఇంకో మాట చెప్పింది. బుధవారం ఉదయం ఆరూ ముప్ఫై రెండుకి తన గది తలుపు తీస్తే, వంటాయన నాలుగో గది ముందు నేలమీదకి వంగి ఉన్నాడని.

ఆ ఒక్క మాట చాలింది. మంగళవారం భోజనాల దగ్గర సర్వేయర్ గారు సూపు చల్లారిందని అందరిముందూ వంటాయన్ని కడిగేశారు. వంటాయన గిన్నె బల్లమీద పెట్టి, రేపటినించి తినడానికి మీరుంటారో, వండటానికి నేనుంటానో చూద్దాం అని లోపలికి పోయాడు. పదింబావుకి పాలు తీసుకెళ్లి హీటర్ వెలిగించింది కూడా అతనే. గురువారం సాయంత్రం పట్టుకుపోయారు. ఇవాళ శనివారం. పన్నెండింటికి జీపులో పెద్ద జైలుకి తరలిస్తారు. ఈలోగా మేడమ్ తన వాంగ్మూలం మీద సంతకం పెట్టాలి.

ఆ సంతకం పెట్టేముందు ఆ ఇల్లాలి మొహం ఒకసారి చూడాలనిపించి వచ్చింది. ఎందుకొచ్చానురా భగవంతుడా అనిపించింది.

వంటాయన భార్య సంచి జిప్పు లాగి, దానిమీద చెయ్యేసి కూర్చుంది. ఆ పొద్దున ఆయన వంగింది ఉత్తరం పెట్టడానికేనని చెప్పింది. మంగళవారం రాత్రంతా ఆయనకి కునుకు పట్టలేదట. పెద్దాయన్ని అనరాని మాట అన్నానని కుమిలిపోయాడట. ఎదురుపడి అడగడానికి మొహం చెల్లక, క్షమించమని ఉత్తరం రాయమన్నాడట. ఆయనకి రాత అంతంతమాత్రం.

"నేనే రాశాను. అయిదు వాక్యాలు. ఇన్‌స్పెక్టర్ గారికి చెబితే, గదంతా గాలించాం, ఉత్తరం లేదు, గిత్తరం లేదన్నాడు. మీకెవరూ చెప్పలేదా మేడమ్?"

ఎవరూ చెప్పలేదు. తను అడగనూ లేదు. చూసిన టైము చెప్పి, చేతులు దులుపుకుని, టీ తాగింది. అది గుర్తొచ్చి మేడమ్ చెవులు వేడెక్కాయి.

గడియారం చూసుకుంది. తొమ్మిదీ నలభై.

నాలుగో గది వసారాలోకి తెరుచుకుంటుంది. తలుపుకి మీగడరంగు పెయింటు. సెలవుల ముందు హడావిడిగా వేయించారు, ఈ చలికి ఇంకా పూర్తిగా ఆరలేదు. వేలు పెడితే అంటుకుంటోంది. వెంటిలేటర్ తాడు లోపల లేదు, బయట వసారా గోడకి కట్టి ఉంది. బాలింతల్ని లేపకుండా నర్సులు బయటినుంచే తీసి మూసేలా ఆ రోజుల్లో అమర్చారట. తాడు లాగడానికి గదిలోకి వెళ్లక్కర్లేదు. వసారాలో నడిచే ఎవరైనా లాగొచ్చు.

మేడమ్ మోకాళ్లమీద కూర్చుని, భూతద్దం పెట్టి తలుపు అడుగంచు చూసింది. బయటివైపు రంగుకి తెల్లటి నూగు అంటుకుని ఉంది. లోపలివైపు ఒక్క పోగు లేదు. అంటే గుడ్డ పెట్టింది బయటినుంచి. తన నోట్‌బుక్కులోంచి కాగితం చింపి, నాలుగు మడతలు పెట్టి, సందులోంచి తోసింది. సర్రున పోయి మంచం కోడు దగ్గర ఆగింది. తన గదిలోంచి టవలు తెచ్చి చుట్టి అడ్డం పెట్టి, ఇంకో కాగితం తోసింది. పోలేదు. చుట్ట దగ్గరే ముడుచుకుపోయింది.

వంటాయన ఉత్తరం లోపలికి పోయిందంటే, ఆరూ ముప్ఫై రెండుకి అక్కడ గుడ్డ లేదు. అంతకుముందే ఎవరో తీసేశారు. అయితే ఆ ఉత్తరం ఏమైనట్టు?

"ఈ వయసులో నేల తుడుస్తున్నారేంటి మేడమ్?"

ఇన్‌స్పెక్టర్. చేతిలో ఫైలు, దానిమీద పెన్ను. ఒకప్పుడు ఆమె కింద పనిచేసినవాడే. అప్పట్లో నువ్వు అనేది, ఇప్పుడు మీరు అంటోంది.

మేడమ్ లేచి, మోకాళ్లు దులుపుకుని, తను చూసింది చెప్పింది. సంతకానికి కొంచెం వ్యవధి కావాలంది. అతను గోడకి ఆనుకుని, పెదవి విరుస్తూ విన్నాడు. వంటాయన గుడ్డ పెట్టాడు, పొద్దున తీశాడు, దొరికాడు, ఉత్తరం అనేది భార్య అల్లిన కట్టుకథ అన్నాడు. ఉందో లేదో తెలియని కాగితం ముక్క కోసం పన్నెండింటి జీపు ఆగదన్నాడు.

"ఆరూ ముప్ఫై రెండని మీరే చెప్పారు. ఇప్పుడు మీ గడియారం తప్పంటారా, మీ కళ్లు తప్పంటారా? ఏది రాయమంటే అది రాస్తాను."

"రెండూ సరిగ్గానే ఉన్నాయి. బుర్రే తప్పింది. చూసింది చెప్పాను, చూడంది కూడా కలిపి చెప్పాను."

"అబ్బో." అతను ఫైలు మూశాడు. నవ్వు మాత్రం పోయింది. "గుర్తుందా మేడమ్, ఏడు నిమిషాలు తేడా వచ్చిందని నా రిపోర్టు కానిస్టేబుళ్ల ముందు పరపరా చింపేశారు. ఇంటికెళ్లి మా ఆవిడకి కూడా చెప్పుకోలేకపోయాను. అప్పటినుంచి నేను టైము తప్పలేదు. పన్నెండంటే పన్నెండే."

ఆమెకి గుర్తుంది. చింపిన ముక్కలు ఏరుకోవడానికి అతను వంగడం కూడా గుర్తుంది. అప్పుడది క్రమశిక్షణ అనుకుంది. వసారా చివరనున్న బట్టల గదివైపు నడిచింది.

ఆయమ్మ ఇస్త్రీ చేస్తోంది. అరవై అయిదేళ్ల మనిషి, గట్టి చేతులు. దుప్పటి నాలుగంచులూ పట్టి దులిపిందంటే గీత గీసినట్టు మడత పడాల్సిందే. మేడమ్ కాసేపు ఆ మడతలే చూస్తూ నిలబడింది. బుధవారం పొద్దున చూసిన మంచం కళ్లముందు మెదిలింది. సర్వేయర్ గారి కింద తెల్ల దుప్పటి, దానిమీద ఇస్త్రీ గీతలు ఉన్నవి ఉన్నట్టే. జుట్టు నున్నగా దువ్వి ఉంది. చేతులు పొట్టమీద ఒకదానిమీద ఒకటి. ఎంత శుభ్రమైన ఇల్లో అనుకుంది తను ఆ రోజు.

రాత్రంతా పడుకుని, ప్రాణం పోయిన మనిషి కింద దుప్పటి నలగకుండా ఎలా ఉంటుంది? మూడు రోజులుగా తన కళ్లలోనే ఉన్న సంగతి, ఇప్పటికి బుర్రకెక్కింది.

"ఆయమ్మా, సర్వేయర్ గారికి తల ఎవరు దువ్వారు?"

ఇస్త్రీపెట్టె ఆగింది. కాలిన వాసన వచ్చేదాకా అలాగే ఆగిపోయింది. మేడమే చెయ్యి చాచి దాన్ని నిలబెట్టింది.

"ఎన్ని గంటలకి వెళ్లావమ్మా లోపలికి?"

"అయిదున్నరకి," అంది ఆయమ్మ.

తరవాత ఒక్కొక్క మాటా బావిలోంచి చేదినట్టు వచ్చింది. రోజూ అయిదున్నరకి ఆమె వసారాలో బుట్ట పట్టుకుని తిరుగుతుంది. వాడిన టవళ్లు అతిథులు గుమ్మం బయట పడెయ్యాలని ఆ ఇంటి పద్ధతి. అవి ఏరుకుంటూ నాలుగో గది దగ్గరికొచ్చి, లేపమని ముందురాత్రి ఆయనే అన్నారు కదాని తలుపు తట్టింది. పలకలేదు. లోపలికెళ్తే అయిపోయి ఉన్నారు. కిటికీ తెరిచింది, హీటర్ కట్టేసింది. పోయే ముందు ఒళ్లు వశం తప్పి ఉంటుంది, పడకంతా పాడైపోయి ఉంది.

"మర్యాదస్తుడమ్మా. నాతో ఎప్పుడూ చొక్కా గుండీలు పెట్టుకోకుండా మాట్లాడలేదు. అందరూ ఎగబడి వచ్చి ఆయన్ని అలా చూస్తారనేసరికి… ముప్ఫయ్యేళ్లు ఈ ఇంట్లో ఆ పనే చేశాను. చేతులు వాటంతటవే చేసుకుపోయాయి."

వేడినీళ్లు తెచ్చి ఒళ్లు తుడిచింది. బట్టలు మార్చింది, దుప్పట్లు మార్చింది. పాడైనవన్నీ బుట్టలో వేసి ఉతికేసింది. పోలీసులొస్తారని, వాటిమీద కేసు నిలబడుతుందని ఆమెకి తట్టనే లేదు. గుండె ఆగిందని డాక్టరమ్మ అన్నాక ఇక చెప్పాల్సిన పనిలేదనుకుంది. హత్య అన్నాక చెప్పడానికి నోరు పెగల్లేదు. పెద్దాయన పడక సంగతి పదిమందిలో, అదీ మగవాళ్ల ముందు, ఎలా చెప్పడం? ఏడున్నర అని ఒకసారి అనేసింది. అన్నమాటని పట్టుకుని వేలాడింది.

మేడమ్ గొంతు తగ్గించి అడిగింది. "నువ్వు లోపల ఉండగా ఉత్తరం వచ్చిందా?"

ఆయమ్మ ముక్కాలిపీట మీద కూలబడింది.

"ఒళ్లు తుడుస్తున్నాను. చేతులు తడి. కాగితం తలుపు కిందనించి జారుకుంటూ వచ్చి నా కాలికి తగిలింది. ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. అవతల వంటాయన నిట్టూర్చడం వినబడింది. వెళ్లిపోయాడు."

"మరి అతన్ని తీసుకెళ్తుంటే…"

"రోజూ పొద్దున్నే చెబుదామనే లేస్తున్నానమ్మా. వాళ్లావిడ నీళ్లకొస్తుంది, కుశలమడుగుతుంది. ఇంకోరోజు గడిస్తే ఇంకా చెప్పలేను. సిగ్గేసింది. అంతే. ఇంకేం లేదు."

మందలించడానికి మేడమ్‌కి నోరు రాలేదు. సిగ్గుపడి మూడు రోజులు నోరు మూసుకున్న మనిషి ఒకరు, గర్వంగా నోరు విప్పిన మనిషి ఒకరు. వంటాయనకి ఇద్దరూ చేసిన అపకారం ఒకటే.

ఆయమ్మ అలమరలో చీరల అడుగునుంచి ఉత్తరం తీసింది. అయిదు వాక్యాలు. గుండ్రటి చేతిరాత. 'అయ్యగారికి, నిన్న కోపంలో అన్నమాటకి సిగ్గుపడుతున్నాను' అని మొదలైంది. మూల మీద నీటి మరక, ఆయమ్మ తడి వేలు ముద్ర.

ఇక మిగిలింది ఒక్కటే. మేడమ్ ఊపిరి పీల్చుకుని, ఆ పొద్దున నాలుగో గది గుమ్మం బయట టవలు ఉందా అని అడిగింది. ఉందంది ఆయమ్మ. చుట్టినట్టు తలుపుకి ఆనించి ఉంది. రోజూ ఉండేదే కదాని తీసి బుట్టలో వేసుకుంది.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెట్టినవాడు వెనక్కి వచ్చి తియ్యక్కర్లేదు. అయిదున్నరకి ఆయమ్మ తీస్తుంది. తీసి, ఉతికి, ఆరేసి, మడతపెడుతుంది. ఆ సంగతి నిన్నా మొన్నా దిగిన అతిథికి తెలిసేది కాదు. ఈ ఇంట్లో మనిషికి తెలుస్తుంది.

"అన్నీ తెల్ల టవళ్లేగా. ఏ గదిదో నీకెలా తెలుస్తుంది?"

ఆయమ్మ ఒక టవలు మూల మడత విప్పి చూపించింది. కుట్టు లోపల, పరకాయించి చూస్తే తప్ప కనబడనంత చిన్న దారం ముడి. ఒక్కో గదికి ఒక్కో రంగు. ఏ గదివి ఆ గదికే పంపాలని తను పెట్టుకున్న గుర్తు. ఆ ఇంట్లో ఇంకెవరికీ తెలియదు.

"నాలుగో గదిది ఎరుపు," అంది ఆయమ్మ. ఆగింది. "ఆ రోజు గుమ్మం ముందుది ఎరుపు కాదమ్మా. ఆకుపచ్చ. ఆరేసేటప్పుడే చూశాను. పొరపాటున కలిసిందనుకున్నాను. అనుకోవాలనుకున్నాను."

"ఆకుపచ్చ ఎవరిది?"

ఆయమ్మ టవలు మూల మళ్లీ మడతపెట్టింది.

"డాక్టరమ్మది."

మిగతాది కూడా ఆయమ్మే చెప్పింది. ముప్ఫై ఒక్క ఏళ్ల కిందట ఇదే వారంలో సర్వేయర్ గారి భార్య నాలుగో గదిలో పురిట్లో పోయింది, బిడ్డా దక్కలేదు. డాక్టరమ్మ పక్కనే ఉండి చెయ్యగలిగిందంతా చేసిందని రిజిస్టర్లో ఉంది. అందుకే ఆయన ఏటా వచ్చి ఆ గదిలో ఉండి, వెళ్లేముందు డాక్టరమ్మకి రెండు చేతులూ జోడించి వెళ్లేవారు. నిజానికి ఆ రాత్రి డాక్టరమ్మ ఆసుపత్రిలో లేదు. స్నేహితురాలింట్లో విందుకెళ్లింది. నొప్పులు మొదలైన దగ్గర్నుంచి చివరిదాకా ఉన్నది ఆయమ్మ ఒక్కర్తే. తెల్లారి డాక్టరమ్మ వచ్చి రిజిస్టర్ రాసింది, సాక్షి సంతకం ఆయమ్మ చేత పెట్టించింది.

ఈ ఏడు ఆయన చేతులు జోడించడం చూసి ఆయమ్మ ఓర్చుకోలేకపోయింది. మంగళవారం మధ్యాహ్నం, ఆయన మంచం సర్దుతూ, చెప్పేసింది. ఆ బాధే ఆ సాయంత్రం సూపు గిన్నె మీదుగా వంటాయన మీద పడింది. తొమ్మిదింటికి ఆయన రెండో గది తలుపు తట్టారు. ఊళ్లో కొత్త ఆసుపత్రికి డాక్టరమ్మ పేరు పెడుతున్నారు, ఆ సభలో లేచి నిలబడి ఇది చెబుతానని ఆయన అన్నారట. వసారాలో ఉన్న ఆయమ్మ చెవులారా వింది.

"నేను చెప్పకపోతే ఆయన బతికుండేవాడు," అంది.

"చెప్పినందుకు పోలేదు ఆయమ్మా. దాచినందుకు పోయాడు. పద."

పదకొండూ ఇరవై అయిదు. ముందు హాల్లో ఇన్‌స్పెక్టర్ కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. మేడమ్ ఉత్తరం, ఉతికిన టవలు అతని ముందు పెట్టింది. ఆయమ్మ నిలబడే అంతా చెప్పింది. పడక సంగతి వచ్చేసరికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, కాని ఆగలేదు. అతను మొదట అడ్డం తగలబోయాడు, తరవాత రాసుకోవడం మొదలుపెట్టాడు. ఉత్తరం రెండుసార్లు చదివాడు. నీటి మరకని వేలితో తాకకుండా చూశాడు.

మేడమ్ అతని ఫైల్లోంచి తన వాంగ్మూలం తీసి, 'వంగి ఉన్నాడు' అన్న మాట తరవాత, 'ఎందుకో నాకు తెలియదు, తెలుసుకోకుండా చెప్పాను' అని రాసి, కింద సంతకం పెట్టింది.

"ఆ రోజు నీ రిపోర్టు చింపడం కూడా తప్పే," అంది. చాలా ఏళ్ల తరవాత నువ్వు అంది. "నలుగురిలో చింపాను, నలుగురూ లేనిచోట చెబుతున్నాను. అదీ సగమే."

అతను స్టేషన్‌కి ఫోన్ చేసి, వంటాయన్ని జీపెక్కించొద్దని, కూర్చోబెట్టి టీ ఇవ్వమని చెప్పాడు. ఫోన్ పెట్టేశాక కుర్చీలోంచి లేవలేదు. డాక్టరమ్మని పిలిపించండి అని మేడమ్ అంటే, అతని మొహం కత్తివాటుకి నెత్తురు చుక్కలేనట్టు పాలిపోయింది.

డాక్టరమ్మ ఇంట్లో లేదు. మేనకోడలి దగ్గరికి రెండు రోజులు వెళ్లొస్తానని పొద్దున అనుమతి అడిగిందట. ఇన్నాళ్ల పెద్దమనిషి, బస్సు కోసం నిలబడటం ఏమిటని, తన జీపులోనే రైల్వేస్టేషన్‌కి పంపించాడట. తనే తలుపు తీసి ఎక్కించాడట. అప్పుడు పదీ ఇరవై.

మేడమ్ రెండో గదిలోకి వెళ్లింది. మంచం సర్ది ఉంది. కళ్లజోడు దిండు పక్కనే ఉంది. ఆ కళ్లజోడు లేకుండా డాక్టరమ్మకి బస్సు బోర్డూ కనబడదు, రైలు పెట్టె నంబరూ కనబడదు.

"ఆమెకి మేనకోడలు ఎవరూ లేరు," అంది ఆయమ్మ వెనకనుంచి.

జీపు పదకొండూ యాభైకి తిరిగొచ్చింది. వెనక సీట్లో డాక్టరమ్మ సంచి ఉంది, డాక్టరమ్మ లేదు. స్టేషన్ దాకా రాలేదని డ్రైవరు చెప్పాడు. నది మీది వంతెన దగ్గర ఆపమందట. కాస్త గాలి పీల్చుకుని నడిచి వెళ్తాను, సంచి నువ్వు స్టేషన్లో ఇచ్చెయ్యి అందట. పెద్దావిడ మాట కాదనలేక దింపేసి, స్టేషన్లో అరగంట సంచి పట్టుకుని ఎదురు చూశాడట.

అవతలి ఒడ్డున ఆమెని చూసినవాళ్లు లేరు. స్టేషన్లో టిక్కెట్టు కొనలేదు. నదిలో తొమ్మిది రోజులు వెతికారు.

డాక్టరమ్మ శనివారం ఉదయం పదిగంటల నలభై నిమిషాలకి వంతెన దగ్గర జీపు దిగింది. మళ్లీ రాలేదు.